సారాయెవో సందూక

మా తాతయ్య పోయిన రెండేళ్ళకు, 1995 ఎండాకాలంలో, మా బాపు ఆయన సందూకను ఖాళీ చేశాడు. ఇనుప సందూక. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది, మూత మీద తాతయ్య పేరు ఉర్దూలో తెల్ల పెయింటుతో రాసి ఉండేది. లోపల బట్టలు లేవు, అన్నీ పుస్తకాలే. ఉర్దూవి, ఫార్సీవి. ఇంట్లో ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా ఆ లిపి రాదు. పాత పేపర్లాయన వచ్చి వాకిట్లో తరాజు వేలాడదీశాడు. మొత్తం 31 కిలోలు తూగాయి. అట్ట ఉన్నవాటికి రేటు తక్కువ అని, మా ముందే కూర్చుని ఒక్కో పుస్తకం అట్ట చింపి పక్కన పడేశాడు. దారంతో కుట్టిన పాత బైండింగులు కదా, చింపుతుంటే బట్ట చినిగినట్టు చప్పుడు వచ్చింది. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ డబ్బులతో మామిడిపళ్ళు కొన్నారు, నేనూ తిన్నాను.

బాపును తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. చదవడం రాని పుస్తకాలను చిన్న ఇంట్లో ఎన్నాళ్ళని పెట్టుకుంటాడు? అసలు ఈ వ్యాసం కూడా మా తాతయ్య గురించి కాదు. బోస్నియాలో పుట్టిన సఫ్వెత్-బెగ్ బషాగిచ్ అనే కవి గురించి. కొన్నేళ్ళుగా ఆయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ ఆ తరాజే కళ్ళ ముందుకు వస్తోంది. అందుకే దాన్ని చెప్పకుండా మొదలుపెట్టలేకపోయాను.

బషాగిచ్ పేరు ఎత్తగానే అక్కడివాళ్ళు ముందుగా వేసే ప్రశ్న ఒకటుంది. ఆయన బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) కవా, క్రొయేట్ కవా? నా ఉద్దేశంలో ఆయన్ని కొలవడానికి అది సరైన ప్రశ్న కాదు. ఆయన చేసిన అతి పెద్ద పని కవిత్వం కూడా కాదు. తన జనం చదవడం మరిచిపోబోతున్న పుస్తకాలను వెతికి, పట్టిక వేసి, చివరికి వాటిని దేశం దాటించడం. ఆ చివరి పనికే ఆయన్ని కొందరు నిందిస్తారు. నేను దానికోసమే ఆయనకు దండం పెడతాను.

ఆయన 1870 మే 6న హెర్జెగోవినాలోని నెవెసిన్యేలో పుట్టాడు. తండ్రి ఇబ్రహీం-బెగ్ ఒట్టోమన్ సర్కారులో అధికారి, ఆయనా కవిత్వం రాసేవాడు. పిల్లాడికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, 1878లో, బెర్లిన్ కాంగ్రెస్‌లో పెద్ద దేశాలు కూర్చుని బోస్నియా-హెర్జెగోవినాను ఆస్ట్రియా-హంగరీ చేతిలో పెట్టాయి. 1463 నుంచి ఇస్తాంబుల్ వైపు చూసిన నేల ఒక్కసారిగా వియన్నా వైపు తిరగాల్సి వచ్చింది.

రాజ్యం మారితే పన్ను వసూలు చేసేవాడు మారతాడని మనకు తెలుసు. లిపి మారితే ఏమవుతుందో తెలంగాణ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇంకాస్త బాగా తెలుసు. మా తాతయ్య తహసీల్ కచేరిలో గుమాస్తా. నిజాం కాలంలో ఆయన రాసిన కాగితం మీద ఊళ్ళో భూములు నిలబడేవి. 1948 తర్వాత కొన్నేళ్ళకే ఆయన ఉర్దూ దస్తూరీకి కచేరిలో పని లేకుండా పోయింది. నలభై దాటకుండానే మళ్ళీ అక్షరాలు దిద్దుకుని, తెలుగులో, ఇంగ్లీషులో ఫైళ్ళు రాయడం నేర్చుకున్నాడు. బోస్నియా ముస్లింలకు 1878 తర్వాత జరిగింది ఇంతకంటే పెద్ద ఎత్తున జరిగింది. చదువుకున్నవాళ్ళ చదువంతా అరబ్బీ, టర్కిష్, ఫార్సీలలో ఉంది. మాట్లాడే భాష స్లావ్ భాషే అయినా, దాన్ని కూడా అరబ్బీ లిపిలో రాసుకునే అలవాటు చాలామందికి ఉండేది. కొత్త సర్కారు దగ్గర ఆ చదువు చెల్లలేదు. నిన్నటిదాకా పండితుడైనవాడు ఇవాళ నిరక్షరాస్యుల లెక్కలోకి వెళ్ళాడు. ఈ నేల ఇక మనది కాదనుకుని వేలమంది ఇళ్ళూ వాకిళ్ళూ అమ్ముకుని టర్కీ వెళ్ళిపోయారు. వెళ్ళొద్దు అని గట్టిగా చెప్పినవాళ్ళలో బషాగిచ్ ఒకడు.

ఆయన తన చదువుకు ఎంచుకున్న దారి చూడండి. బోస్నియా రాజధాని సారాయెవోలో గిమ్నాజియం, అంటే హైస్కూలు, చదువు ముగించి, 1895లో వియన్నా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. కొత్త పాలకుల రాజధానికి వెళ్ళి, పాత కాలపు భాషలైన అరబ్బీ, ఫార్సీలు చదివాడు. కొత్తవాళ్ళ పద్ధతితో పాతదాన్ని చదవడం అన్నమాట. ఆ మరుసటి ఏడే మొదటి కవితా సంపుటి జాగ్రెబ్‌లో అచ్చయింది. అందులో మీర్జా సఫ్వెత్ అనే కలంపేరు కనిపిస్తుంది. పేరులోనే ఫార్సీ, పాటలో మాత్రం హెర్జెగోవినా కొండలు.

తిరిగొచ్చాక సారాయెవో గిమ్నాజియంలో అరబ్బీ పంతులుగా చేరాడు. 1900 మే 1న, ఎద్హెమ్ ములాబ్దిచ్, ఒస్మాన్ నూరి హాజిచ్ అనే మరో ఇద్దరు రచయితలతో కలిసి ‘బెహార్’ అనే పత్రిక మొదలుపెట్టాడు. మొదటి సంపాదకుడు ఆయనే. ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టైంది. మన బహారే! ఫార్సీలో బహార్ అంటే వసంతం. హైదరాబాదులో పాత పాటల్లో, షాపుల బోర్డుల మీద రోజూ కనబడే మాట. బోస్నియా చేరేసరికి దాని అర్థం కాస్త జరిగింది. అక్కడ బెహార్ అంటే పండ్ల చెట్ల పూత.

ఈ మాటల దగ్గర కాసేపు ఆగుతాను, ఏమీ అనుకోవద్దు. తాతయ్య పెట్టెను మేం సందూక అంటాం, బోస్నియాలో సందుక్ అంటారు. మా తరాజు అక్కడ తెరెజియె. కలం వాళ్ళకు కలెమ్, కితాబు చితాబ్, జేబు జెప్, దుకాణం దుచాన్. అరబ్బీ ఫార్సీ మాటలు ఇటు దక్కనుకు సుల్తానుల కచేరీలతో వచ్చాయి, అటు బోస్నియాకు ఒట్టోమన్ల వెంట వెళ్ళాయి. మధ్యలో ఎన్ని వేల మైళ్ళున్నాయో! ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోని రెండు ఊళ్ళు పెట్టెకు ఒకే పేరు పెట్టుకున్నాయి. మొదటిసారి ఈ జాబితా రాసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బెహార్ 1911 దాకా నడిచింది. బోస్నియా ముస్లింలు తమ భాషలో కథలు, కవితలు, చరిత్ర చదువుకోవడానికి అది వేదిక అయింది. 1903లో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడానికి ‘గాయ్‌రెత్’ అనే సంఘం పెట్టారు. ఉర్దూలో గైరత్ అంటే ఆత్మాభిమానం, అక్కడ పట్టుదలగా చేసే ప్రయత్నం అనే అర్థంలో వాడారు. దానికి మొదటి అధ్యక్షుడు కూడా బషాగిచే. కవి అంటే పద్యం రాసి ఊరుకునేవాడు అనుకుంటే ఇవన్నీ పక్క పనుల్లా కనిపిస్తాయి. నాకు అసలు పనులే ఇవి. చందాలు వసూలు చేసి, లెక్కలు రాసి, ఎవరి పిల్లాడికో ఫీజు కట్టించే పని ఎంత విసుగు పుట్టిస్తుందో ఏ చిన్న సంఘంలో ఉన్నవాళ్ళకైనా తెలుసు.

ఇక ఆ ప్రశ్న. 1891లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఆయన ‘బోస్నియాక్‌కు’ అనే కవిత రాశాడు. ట్రెబిన్యే నుంచి బ్రోద్ ద్వారాల దాకా, అంటే ఆ నేల ఈ చివర నుంచి ఆ చివర దాకా, పదిహేనేళ్ళ కిందట, ఇక్కడ సెర్బులూ లేరు క్రొయేట్లూ లేరు అని అందులో అంటాడు. ఈ పంక్తులు బోస్నియాక్‌లు ఇవాళ్టికీ గుర్తు చేసుకుంటారు. అదే మనిషి మరో కవితలో, క్రొయేషియన్ భాష సవ్వడి తూర్పునూ పడమరనూ, పాటనూ మేధనూ కలపగలదని రాశాడు. అది క్రొయేట్లు గుర్తు చేసుకుంటారు. 1931లో జాగ్రెబ్‌లో వచ్చిన ఆయన జీవిత చరిత్రల పుస్తకం పేరులో క్రొయేట్లు, బోస్నియాక్‌లు, హెర్జెగోవినియన్లు ముగ్గురూ ఉన్నారు. ఏ పక్షం వాళ్ళకు కావాల్సిన పంక్తి వాళ్ళకు దొరుకుతుంది. వాదన వందేళ్ళుగా తెమలడం లేదు.

అవకాశం కొద్దీ రంగు మార్చాడు అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆయన సుల్తాను నేల మీద పుట్టాడు, హాప్స్‌బర్గ్ చక్రవర్తి కింద పెరిగాడు, 1918లో సెర్బులు క్రొయేట్లు స్లొవీన్ల రాజ్యం వచ్చింది, 1929లో దాని పేరు యుగోస్లావియాగా మారింది. కొత్త సర్కారు వచ్చినప్పుడల్లా, నువ్వెవరు, ఈ గళ్ళలో ఏది నీది అని అడిగేది. ఆ కాగితాల మీద బోస్నియా ముస్లింకు సరిపోయే గడి ఉండేది కాదు. ఆయన జనానికి యుగోస్లావియాలో ‘ముస్లిం’ అనే జాతి గడి పూర్తిగా దక్కింది 1971 జనాభా లెక్కల్లో. బోస్నియాక్ అనే పేరును తిరిగి స్వీకరించింది 1993 సెప్టెంబరులో, యుద్ధం మధ్యలో, సారాయెవోలో జరిగిన సభలో. అప్పటికి బషాగిచ్ పోయి 59 ఏళ్ళు. తన జీవితకాలంలో లేని గడిని ఎందుకు నింపలేదని చనిపోయినవాణ్ణి నిలదీయడం ఏం న్యాయం?

దానికి బదులు ఆయన మార్చకుండా చేసిన పని చూడాలి. 1900లో బోస్నియా-హెర్జెగోవినా గతం గురించి చిన్న చరిత్ర పుస్తకం రాశాడు. నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ వియన్నా వెళ్ళి 1910లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ సిద్ధాంత వ్యాసం 1912లో పుస్తకంగా వచ్చింది. బోస్నియా, హెర్జెగోవినాలలో పుట్టి అరబ్బీ, ఫార్సీ, టర్కిష్‌లలో రాసినవాళ్ళందరి గురించి అది. మీకు సాహిత్యం ఎక్కడిది, మీరు నిన్నటిదాకా టర్కులకు గుర్రాలు తోలినవాళ్ళే కదా అనేవాళ్ళ ముందు ఆయన పేర్లు వరసగా పెట్టాడు. రాజనీతి మీద రాసిన ప్రూసాత్స్ ఊరి హసన్ కాఫీ. 1739లో ఫార్సీలో ‘బుల్బులిస్తాన్’ రాసిన మోస్తార్ ప్రాంతపు ఫెవ్జీ. ఫార్సీ మహాకవులు హాఫిజ్ దివాన్‌కూ (కవితా సంపుటికీ), సాదీ ‘గులిస్తాన్’కూ వ్యాఖ్యానం రాసిన సూదీ.

సూదీ పేరు దగ్గర నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. తాతయ్య బడిలో మౌల్వీ సాబు బెత్తం పట్టుకుని చెప్పించిన మొదటి ఫార్సీ పుస్తకం గులిస్తానే. భోజనం చేశాక అరుగు మీద పడుకుని అందులో ముక్కలు పాడినట్టు చదివేవాడు, అర్థం మాకు చెప్పేవాడు. షిరాజ్‌లో పుట్టిన పుస్తకానికి వ్యాఖ్యానం బోస్నియా కొండల్లో పుట్టినవాడు రాశాడని ఆయనకు తెలిసి ఉంటే ఎంత సంబరపడేవాడో! ఖయ్యాం విషయం కూడా అంతే. 1920లో సారాయెవోలో బషాగిచ్ చేసిన రుబాయీల అనువాదం వచ్చింది. మన దువ్వూరి రామిరెడ్డి గారు నెల్లూరు జిల్లాలో వ్యవసాయం చేసుకుంటూ ఫార్సీ నేర్చుకుని ‘పానశాల’ రాశారు. ఇద్దరూ మూలం నుంచే తమ తమ భాషల్లోకి తెచ్చారు.

బషాగిచ్ కవిత్వం గొప్పదా అని అడిగితే, మొత్తం కాదు అంటాను. పాత వైభవం మీద మమకారం ఎక్కువ. ఆయన బెగ్‌ల వంశంవాడు, అంటే భూస్వాముల బిడ్డ. ఆ భూములు దున్నిన కౌలు రైతుల గోడు ఆయన రాతల్లో పెద్దగా వినిపించదు. 1910లో ఏర్పడిన బోస్నియా శాసనసభకు ఆయన ఎన్నికయ్యాడు, అలీ-బెగ్ ఫిర్దూస్ మరణం తర్వాత అధ్యక్షుడూ అయ్యాడు. ఆ సభ ముందున్న అతి పెద్ద సమస్య ఆ రైతుల భూమి సమస్యే. అక్కడ ఆయన తన వర్గం గీత దాటలేదు. ఇది దాచిపెట్టి ఆయన్ని పొగడడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఇన్నేళ్ళూ ఆయన రాతప్రతులు పోగుచేస్తూ వచ్చాడు. 284 సంపుటాల రాతప్రతులు, 365 అచ్చు పుస్తకాలు. అరబ్బీ, టర్కిష్, ఫార్సీలలో శాస్త్రం, తర్కం, వైద్యం, కవిత్వం. తన వాళ్ళు అరబ్బీ లిపిలో సొంత భాషలో రాసుకున్న అరుదైన కాగితాలు కూడా. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆయన సారాయెవో మ్యూజియంలో క్యురేటర్‌గా పనిచేశాడు. పాత వస్తువులకు యుద్ధాల్లో ఏ గతి పడుతుందో దగ్గరగా చూసే ఉద్యోగం. బాల్కన్ నేల మీద తన సేకరణకు భద్రత లేదని ఆయనకు అనిపించింది. 1920లలో దాన్ని, ఇప్పటి స్లొవేకియా రాజధాని బ్రాతిస్లావాలో కొత్తగా ఏర్పడిన విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చేశాడు. ఊరికే కాదు, అమ్మాడు.

జాతి సొత్తును అమ్ముకున్నాడు అనే మాట ఇక్కడే పుడుతుంది. ఒక సారాయెవో విద్యార్థి తన ఊరి పూర్వీకులు రాసినది చూడాలంటే స్లొవేకియాకు టికెట్ కొనుక్కోవాలి. ఆ బాధ చిన్నదేమీ కాదు, నేను కొట్టిపారేయను.

కానీ 1992లో ఏం జరిగిందో చూడండి. బోస్నియా యుద్ధంలో సారాయెవో సెర్బు సేనల ముట్టడిలో ఉంది. చుట్టూ కొండల మీద ఫిరంగులు. మే 17న ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ మీద నిప్పు గుండ్లు వేశారు. లోపలున్న 5,263 రాతప్రతుల సంపుటాలు దాదాపు మొత్తం కాలిపోయాయి. సైనిక స్థావరం కాదది, పాత పుస్తకాలు ఉన్న ఇల్లు. ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయం ఉన్న వియెచ్నిత్సా భవనం వంతు వచ్చింది. మంట ఆర్పడానికి వచ్చినవాళ్ళ మీద కూడా కాల్పులు జరిగాయి. పది లక్షలకు పైగా పుస్తకాలు పోయాయి. కాలిన కాగితాలు ఊరంతా నల్లగా ఎగిరి మేడల మీద, మనుషుల తలల మీద వాలాయి. పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉండేవని, నలుపు మీద బూడిదరంగులో అక్షరం ఒక్క క్షణం కనిపించి వేళ్ళ మధ్యే పొడైపోయేదని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ రాత్రి బషాగిచ్ 284 సంపుటాలు బ్రాతిస్లావాలో అరల్లో చల్లగా ఉన్నాయి. 1997లో యునెస్కో ఆ సేకరణను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తర్వాత చాలా సంపుటాల పేజీలను ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. హైదరాబాదులో మా ఇంట్లో కూర్చుని నేను వాటిని పేజీ పేజీ తిప్పాను. ఎర్ర సిరాతో శీర్షికలు, అంచుల్లో ఏటవాలుగా ఎవరో చదువరి రాసుకున్న మాటలు, పురుగు తొలిచిన సన్నటి దారి.

దీన్నిబట్టి పుస్తకాలన్నీ విదేశాలకు పంపేయాలని నేను అనడం లేదు. అదే సారాయెవోలో 1537 నాటి గాజీ హుస్రెవ్-బెగ్ గ్రంథాలయం ఉంది. ముట్టడి రోజుల్లో దాని సిబ్బంది రాతప్రతులను అట్టపెట్టెల్లో పెట్టుకుని, స్నైపర్లు కాచుకున్న వీధుల్లో, వంతెనల మీదుగా, ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకెళ్ళారు. ఒకసారి కాదు, చాలాసార్లు. వాటిని బతికించుకున్నారు. వాళ్ళది ప్రాణాలకు తెగించిన పని, దాని పక్కన దేన్నీ పెట్టను. నేను అంటున్నది ఒక్కటే. డెబ్భై ఏళ్ళ ముందే ఆ మంట వాసన పట్టి, తన ప్రాణంలాంటి పుస్తకాలను కళ్ళకు దూరంగా పెట్టడానికి ఒప్పుకున్న మనిషిని అమ్ముకున్నవాడు అనకండి. దగ్గర ఉంచుకోవడం ఒక్కటే ప్రేమ అయితే, ఇంట్లో ఉంచుకున్న మా సందూక బతకాలి కదా. దాని మీద ఒక్క గుండు పడలేదు. ఎవరూ ద్వేషించలేదు. చదివేవాళ్ళు లేక కిలోల లెక్కన పోయింది. అమ్మడం మేమూ అమ్మాం. బషాగిచ్ కొనేవాడికి ముందు పట్టిక చూపించాడు, మేం తరాజు చూశాం.

బషాగిచ్ 1934 ఏప్రిల్ 9న సారాయెవోలో పోయాడు. గాజీ హుస్రెవ్-బెగ్ మసీదు ఆవరణలో సమాధి చేశారు.

మా సందూకలోంచి ఒక పుస్తకం మాత్రం మిగిలింది. ఆ రోజు పాత పేపర్లాయన తూస్తుంటే మా నాయనమ్మ లోపల్నుంచి వచ్చి, కట్టలోంచి చేతికందిన ఒకటి లాక్కుని, “అక్షరం ఏదైతేనేంరా” అని దేవుడి అలమర్లో పెట్టింది. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. పండగలప్పుడు దానికీ బొట్టు పెట్టేది. అట్ట మీద ఎర్రటి చుక్కలు ఇంకా ఉన్నాయి. రెండేళ్ళ కిందట దాన్ని పాతబస్తీలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. రిటైరైన ఉర్దూ పంతులు. మొదటి పేజీ తిప్పగానే “గులిస్తాన్ బాబూ ఇది” అన్నారు. పంక్తుల మధ్య తాతయ్య పెన్సిల్‌తో చిన్న తెలుగు అక్షరాల్లో అర్థాలు రాసుకున్నాడు, అవి నేనే చదవగలను. పెద్దాయన వేలు పెట్టి ఫార్సీ మాట పలుకుతారు, నేను దాని పైన ఉన్న తెలుగు చదువుతాను. అలా మొదటి రోజు రెండు పేజీలు అయ్యాయి. మూడో పేజీలో ఆయన “బహార్” అన్నారు. పైన తాతయ్య దస్తూరీలో “వసంతకాలము” అని ఉంది.

ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నాను. 46 పేజీలు అయ్యాయి. ఆదివారాలు మాత్రమే కుదురుతోంది, పెద్దాయనకు పొద్దున్నే అయితే కళ్ళు బాగా కనబడతాయి.